చెరువు లెక్కకు రెండు భాషలు

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించి, దాని సంగతంతా సంస్కృత శ్లోకాల్లో రాతి మీద చెక్కించాడు. రోజూ వెయ్యి మంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, మొత్తం రెండేళ్ల పని అని అందులో ఉంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు చెప్పి, ఆ వెంటనే ఉండకూడని ఆరు దోషాలూ చెబుతుంది: కట్టలోంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం, చెరువు నడుమ మిట్ట లేవడం, నీరు తక్కువై తడపాల్సిన పొలం ఎక్కువ కావడం, పొలం తక్కువై నీరు ఎక్కువ కావడం.

చివరి రెండు దోషాలూ లెక్కకు చెందినవి. ఎంత మేర నేల మీద పడ్డ వాన ఈ చెరువులోకి వస్తుంది? అందులో ఎంత పారుతుంది, ఎంత ఇంకుతుంది? ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే కర్నూలు, కడప సీమలో ఈ ప్రశ్నలకు జవాబు లేకుండా పూడిక తీయడమైనా, చెక్‌డ్యామ్ కట్టడమైనా, బోరు వేయడమైనా చీకట్లో చేసే పనే. ఒక చదరపు కిలోమీటరు నేల మీంచి 20 మిల్లీమీటర్ల మందాన నీరు పారితే అది రెండు కోట్ల లీటర్లు. పరీవాహక ప్రాంతాన్ని పది చదరపు కిలోమీటర్లు ఎక్కువగా అంచనా కట్టినవాడు, లేని ఇరవై కోట్ల లీటర్లను నమ్మి రైతు చేత పంట వేయిస్తాడు.

ఈ లెక్కను ఇప్పుడు ఇంట్లో ఉండే మామూలు కంప్యూటర్ చేసిపెడుతుంది. దానికి వాడే డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్లలో క్యూజీఐఎస్ ముఖ్యమైనది. పటాలు గీయడానికి, వాటి మీద లెక్కలు కట్టడానికి పనికొస్తుంది. పైసా ఖర్చు లేదు, సోర్స్ కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. 2002లో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టాడు, 1.0 వెర్షన్ 2009 జనవరిలో వచ్చింది. మొదట్లో ఇదంతా సీ ప్లస్ ప్లస్ భాషలో రాసినదే. 2007లో వచ్చిన 0.9 వెర్షన్‌తో పైథాన్ కూడా లోపలికి వచ్చింది. అప్పటినుంచి రెండు భాషలూ ఒకే ప్రోగ్రాములో, ఒకే మెమరీలో, ఒకే కిటికీ వెనక పనిచేస్తున్నాయి. ఒకటి చాలదా, రెండెందుకు అనేది కంప్యూటర్ చదివే ఏ విద్యార్థికైనా తట్టే ప్రశ్న. చెరువు లెక్కనే ఆసరాగా తీసుకుంటే జవాబు బాగా తెలుస్తుంది.

2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ పదకొండు రోజుల పాటు భూమి చుట్టూ తిరుగుతూ రాడార్‌తో నేల ఎత్తులు కొలిచింది. ఆ కొలతల్ని డిగ్రీకి డిగ్రీ చొప్పున ముక్కలు చేసి ఫైళ్లుగా ఇస్తారు. ఒక్కో ఫైలులో అడ్డంగా 3601, నిలువుగా 3601 గళ్లు, మొత్తం 1,29,67,201. గడి అంటే నేల మీద సుమారు 30 మీటర్ల చదరం. అందులో ఉండేది ఒక్కటే అంకె, సముద్ర మట్టం నుంచి ఎత్తు, మీటర్లలో. కర్నూలు పట్నం ఒక ఫైలులో పడుతుంది, కడప దానికి సరిగ్గా దక్షిణాన ఉన్న ఫైలులో. కుందూ నది మొదటి ఫైలులో పుట్టి రెండో ఫైలులో పెన్నలో కలుస్తుంది. పోరుమామిళ్ల ఇంకా చిక్కు. 15 డిగ్రీల అక్షాంశం, 79 డిగ్రీల రేఖాంశం కలుసుకునే చోటికి చాలా దగ్గరగా ఉంది కాబట్టి, నాలుగు ఫైళ్లు అతికిస్తే గానీ ఆ చుట్టుపక్కల నేల పూర్తిగా కనబడదు.

అతికాక అసలు లెక్క మొదలవుతుంది. ఒక గడిలో పడ్డ చినుకు చుట్టూ ఉన్న ఎనిమిది గళ్లలో ఎక్కువ వాలు ఉన్నదానిలోకి పోతుందని అనుకుంటారు. 1984లో ఓకలహన్, మార్క్ అనే ఇద్దరు చెప్పిన ఈ పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. ప్రతి గడికీ ఎనిమిది పోలికలు చొప్పున నాలుగు ఫైళ్లకు 41 కోట్ల పోలికలు. అది మొదటి అడుగు మాత్రమే. తర్వాత నీరు బయటికి పోలేని దొప్పల్ని పూడ్చాలి. చదునుగా ఉన్నచోట దారి వెతకాలి. నంద్యాల, కోయిలకుంట్ల నల్లరేగడి మైదానంలో పక్కపక్క గళ్లకు ఒకే ఎత్తు రాసి ఉండటం మామూలు, అక్కడ వాలు ఎటో అంకెలు చెప్పవు. ఆ పైన ఒక్కో గడిలోకి ఎగువన ఎన్ని గళ్ల నీరు చేరుతుందో కూడుకుంటూ రావాలి.

ఈ పని పైథాన్‌లో రాస్తే ఏమవుతుంది? పైథాన్‌లో ఒక పేరు కింద అంకె ఉండొచ్చు, వాక్యం ఉండొచ్చు, పట్టిక ఉండొచ్చు. అందుకని ప్రతి విలువా తానేమిటో చెప్పే వివరాలు వెంటబెట్టుకుని తిరుగుతుంది. 64 బిట్ల కంప్యూటర్‌లో 300 అనే అంకెకు పైథాన్ 28 బైట్లు తీసుకుంటుంది. దాన్ని జాబితాలో పెడితే దాని చిరునామాకు మరో 8 బైట్లు. సీ ప్లస్ ప్లస్‌లో అదే ఎత్తుకు 2 బైట్లు చాలు, ఎందుకంటే ఈ వరుసంతా చిన్న పూర్ణాంకాలే అని ప్రోగ్రామరు ముందే రాసిచ్చాడు. ఒక్క ఫైలుకు రెండున్నర కోట్ల బైట్లతో పోయేది పైథాన్ జాబితాలో 46 కోట్ల బైట్లు దాటుతుంది. నాలుగు ఫైళ్లకు దాదాపు 187 కోట్లు, అదీ ఎత్తులు దాచుకోవడానికే. కాలం సంగతీ అంతే. కూడిక చేసే ప్రతిసారీ ఇవి అంకెలేనా అని పైథాన్ చూసుకోవాలి. సీ ప్లస్ ప్లస్‌లో ఆ విచారణ ప్రోగ్రాము కంపైల్ అయినప్పుడే ముగిసింది, మిగిలింది ప్రాసెసర్ నేరుగా నడిపే ఆదేశాలు. ఇక్కడ సెకన్లలో తేలేది అక్కడ నిమిషాలు తింటుంది.

మరి అంతా సీ ప్లస్ ప్లస్‌లోనే రాయొచ్చు కదా. రాయొచ్చు. కానీ చెరువు లెక్క ఆ 41 కోట్ల పోలికలతో అయిపోదు. ఆ పోలికలు మన నేల మీద నిలబడాలంటే మన నేల గురించి తెలిసిన సంగతులు కొన్ని చెప్పాలి. ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది.

కట్ట సంగతి చూడండి. చెరువు కట్ట పైభాగం వెడల్పు మహా అయితే కొన్ని మీటర్లు. 30 మీటర్ల గడిలో కట్ట ఎత్తు, రెండు పక్కల పల్లం కలిసి సగటైపోతాయి. కట్ట అక్కడక్కడా పటంలో కరిగిపోతుంది. ప్రోగ్రాము అమాయకంగా నీటిని ఆ సందుల్లోంచి కిందికి పంపించేస్తుంది. నిజంగా నీరు బయటపడేది తూము దగ్గర, నిండితే మరవ దగ్గర. దీన్ని సరిచేయాలంటే ఉపగ్రహ చిత్రం మీద కట్ట వెంబడి గీత గీసి, ఆ గీత కిందికొచ్చే గళ్ల ఎత్తును పెంచి, మరవ ఉన్న గడిని మాత్రం వదిలేయాలి. ఆ మరవ ఎక్కడుందో ఊళ్లో వాళ్లకు తెలుసు. ఐరోపాలోనో అమెరికాలోనో కూర్చుని క్యూజీఐఎస్ లోపలి భాగాలు రాసే ప్రోగ్రామరుకు తెలిసే వీల్లేదు.

పేర్ల చిక్కు ఇంకోటి. పాత పట్టికల్లో ఇంగ్లిష్ స్పెల్లింగ్ కడ్డపా. 2005లో అధికారికంగా కడప అయింది. 2010లో జిల్లాకు వైఎస్సార్ పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో నంద్యాల కర్నూలు నుంచి విడిపోయి వేరే జిల్లా అయింది. 2001 జనాభా లెక్కల పట్టికనూ, ఇటీవలి వర్షపాతం పట్టికనూ జిల్లా పేరుతో జతపరచమని కంప్యూటర్‌కు చెబితే సగం వరుసలు ఖాళీగా వస్తాయి. ఆళ్లగడ్డ ఏ ఏడాది ఏ జిల్లాలో ఉందో చెప్పే నాలుగు వరుసల నియమం ఎవరో ఒకరు రాయాలి.

వాన పడితే ఎంత పారుతుందన్నదీ అలాంటిదే. మన చిన్ననీటి పారుదల ఇంజనీర్లు బ్రిటిష్ కాలం నుంచి స్ట్రేంజ్ పట్టికలు వాడుతున్నారు. వానను బట్టి, పరీవాహక ప్రాంతం మంచిదా, మధ్యస్థమా, చెడ్డదా అన్నదాన్ని బట్టి ఎంత శాతం నీరు వస్తుందో అవి చెబుతాయి. ఎర్రమల బండ నేల దేంట్లోకి వస్తుంది, నల్లమల అడవి దేంట్లోకి వస్తుంది అన్నది చూసినవాళ్లు తేల్చాల్సిన మాట. ఈ ఏడాది తేల్చింది వచ్చే ఏడాది మారొచ్చు కూడా, కొండ వాలున చెట్లు కొట్టేస్తేనో, కందకాలు తవ్వితేనో.

చదరపు కిలోమీటర్లు కొలవడంలోనూ ఒక స్థానిక చిక్కు ఉంది. డిగ్రీల్లో ఉన్న పటాన్ని మీటర్లలోకి మార్చడానికి భూమిని ఆరేసి డిగ్రీల పట్టీలుగా విభజించారు. 43వ పట్టీకి, 44వ పట్టీకి మధ్య గీత 78 డిగ్రీల రేఖాంశం. అది కర్నూలు జిల్లాలోంచి పోతుంది. కర్నూలు పట్నం ఆ గీతకు కాస్త తూర్పున, ఆదోని, ఎమ్మిగనూరు పడమరన. లెక్క కట్టేది ప్రోజ్ అనే లైబ్రరీ. 1980ల్లో అమెరికా భూవిజ్ఞాన సర్వేలో జెరాల్డ్ ఎవెండెన్ మొదలుపెట్టిన ఈ లైబ్రరీని ఇవాళ ప్రపంచంలో చాలా పటాల సాఫ్ట్‌వేర్లు వాడుకుంటున్నాయి. దాన్ని మనం ముట్టుకోనక్కర్లేదు. ఈ చెరువుకు ఏ పట్టీ వాడాలో చెప్పే ఒక్క వరుస మాత్రం మనదే.

కట్ట, మరవ, పేర్లు, పట్టికలు, పట్టీలు ఇవన్నీ తరచూ మారేవి, ఊరికో రకంగా ఉండేవి. సీ ప్లస్ ప్లస్‌లో రాస్తే ఒక్క అంకె మార్చినా మళ్లీ కంపైల్ చేయాలి. విండోస్‌కు ఒకటి, లినక్స్‌కు ఒకటి వేరువేరుగా తయారుచేయాలి. పైథాన్‌లో రాస్తే ఫైలు తెరిచి, అంకె మార్చి, మళ్లీ నడపడమే. ఇడుపులపాయ ఆర్కే వ్యాలీ ట్రిపుల్ ఐటీలోనో, కర్నూలు ట్రిపుల్ ఐటీ డీఎంలోనో రెండో సంవత్సరం చదివే అమ్మాయి సెలవుల్లో ఇంటికెళ్లి తన ఊరి చెరువుకు సరిపడేలా ఆ స్క్రిప్టు దిద్దుకోగలదు. అందరికీ ఒకేలా ఉండి, కోట్లసార్లు జరిగే పని సీ ప్లస్ ప్లస్‌లో ఉండాలి. చోటును బట్టి మారి, కొద్దిసార్లు జరిగే పని పైథాన్‌లో ఉండాలి. గీత ఎక్కడ గీయాలో నిర్ణయించాల్సింది భాష గొప్పతనం కాదు, ఆ ముక్కను రేపు ఎవరు మార్చాల్సి వస్తుందన్నదే.

ఆలోచన కొత్తదేమీ కాదు. 1985 నాటి జీఎన్‌యూ ఈమాక్స్ ఎడిటర్ సీ, లిస్ప్ భాషల జంట. సివిల్ ఇంజనీర్లకు బాగా తెలిసిన ఆటోక్యాడ్ 1980ల్లోనే ఆటోలిస్ప్ అనే భాషను ఇచ్చింది. ఎక్సెల్‌లో మాక్రోలు రాసిన అకౌంటెంటు తనకు తెలియకుండానే రెండు భాషల సాఫ్ట్‌వేర్ వాడాడు. 1998లో కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ ఔస్టర్‌హౌట్ ఈ పద్ధతిని సూత్రీకరిస్తూ వ్యాసం రాశాడు. బరువైన భాగాలకు ఒక భాష, వాటిని కలిపి నడపడానికి మరో భాష అన్నది ఆయన వాదం.

ఇక అతుకు విషయానికి వద్దాం. కష్టమంతా అక్కడే.

పైథాన్‌ను నడిపే ప్రోగ్రామే సీ భాషలో రాసినది. అందుకే సీలో, సీ ప్లస్ ప్లస్‌లో రాసిన భాగాలను పిలవడం దానికి మొదటినుంచీ చేతనవును. కానీ క్యూజీఐఎస్‌లో వేల కొద్దీ ఫంక్షన్లున్నాయి. ఒక్కోదానికీ చేత్తో వారధి కట్టడం కుదరదు. ఫిల్ థాంప్సన్ తయారుచేసిన సిప్ అనే పనిముట్టు ఆ వారధి కోడ్‌ను తనే రాసిపెడుతుంది. పైథాన్ నుంచి ఒక పిలుపు వచ్చిందంటే, ఇచ్చిన విలువల రకం సరిచూసి, వాటిని సీ ప్లస్ ప్లస్ రూపంలోకి మార్చి, అవతలి ఫంక్షన్‌ను నడిపి, జవాబును తిరిగి పైథాన్ వస్తువుగా చేసి అప్పగిస్తుంది. ఈ రాకపోకకు పట్టే కాలం చాలా చిన్నది. పదిసార్లు చేస్తే ఎవరికీ తెలియదు. కోటిసార్లు చేస్తే అదే ప్రోగ్రామును మింగేస్తుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. క్యూజీఐఎస్‌లో ఎత్తుల పటం తెరిచి, పైథాన్ లూపులో ఒక్కో గడి విలువ అడుగుతూ పోతారు. ఒక ఫైలుకు కోటీ ముప్పై లక్షల రాకపోకలు. లోపలున్నది వేగమైన సీ ప్లస్ ప్లస్ అయినా ఫలం లేదు. అదే ఆ పటాన్ని మొత్తం ఒకే ముద్దగా అడిగి, వచ్చిన బైట్లను నంపై అనే లైబ్రరీ ఇచ్చే పట్టికగా పరిచి, పట్టిక మొత్తానికీ ఒకేసారి లెక్క చెప్పొచ్చు. అప్పుడు సరిహద్దు దాటేది కొన్నిసార్లే. నంపై కూడా పైన పైథాన్, లోపల సీ. అయితే నీటి దారి లెక్కకు నంపై సరిగ్గా సరిపోదు. ఎగువ గడి తేలితే గానీ దిగువ గడి తేలదు, అన్ని గళ్లనూ ఒక్కసారిగా తేల్చడం కుదరదు. దాన్ని గ్రాస్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో సీ భాషలో రాసిన పనిముట్టుకు అప్పగించి, ఫలితం మాత్రం పైథాన్‌కు తెచ్చుకోవడం మేలు. ఊళ్ల సరిహద్దుల లేయర్ మీద పనిచేసేటప్పుడూ ఇదే జాగ్రత్త అవసరం. వేల వరుసల్నీ పైథాన్‌కు రప్పించి ఏరుకోవడం కంటే, ఫలానా చతురస్రంలో ఉన్నవే, ఫలానా కాలమ్‌లే కావాలని ముందే చెబితే ఏరే పని అవతలే జరిగిపోతుంది.

శాసనం చెప్పిన మూడో దోషం గుర్తుచేసుకోవాల్సింది ఇప్పుడు. రెండు రాజ్యాల పొలిమేరలో ఉన్న చెరువుకు కట్ట తెగితే బాగుచేయించేది ఎవరు, తూము తెరవమనేది ఎవరన్న తగవు తెగదు. రెండు భాషల పొలిమేరలో ఉన్న వస్తువుకూ ఇదే గతి. మెమరీలో ఒక వస్తువును పుట్టించాక దాన్ని ఎప్పుడు తీసేయాలన్న విషయంలో ఈ రెండు భాషలకూ వేరువేరు చట్టాలున్నాయి. పైథాన్ ఎవరూ పట్టుకోని వస్తువును తనంతట తానే తీసేస్తుంది. సీ ప్లస్ ప్లస్‌లో ఆ బాధ్యత ప్రోగ్రామరుది, లేదా ఆ వస్తువును సొంతం చేసుకున్న మరో వస్తువుది.

ఇందులోంచి పుట్టే తప్పులు రెండు రకాలు, క్యూజీఐఎస్‌కు జోడించే చిన్న ప్రోగ్రాములు, అంటే ప్లగిన్లు రాసే ప్రతివాళ్లూ రెండింటినీ ఎదుర్కొంటారు. మొదటిది: ఒక ఫంక్షన్‌లో చిన్న కిటికీ తయారుచేసి చూపించమంటారు. కిటికీ తళుక్కుమని మాయమవుతుంది. కారణం, ఫంక్షన్ ముగిసింది, ఆ కిటికీని పట్టుకున్న పేరు పోయింది, పైథాన్ తన చట్టం ప్రకారం దాన్ని తీసేసింది. దాన్ని ప్లగిన్ వస్తువులో ఒక పేరు కింద దాచుకుంటే నిలుస్తుంది. రెండోది దీనికి తిరగబడ్డది: ఒక లేయర్‌ను ప్రాజెక్టులో చేర్చగానే దాని యాజమాన్యం సీ ప్లస్ ప్లస్ పక్షానికి పోతుంది. వాడుకరి ఎడమ పక్క జాబితాలోంచి ఆ లేయర్ తొలగిస్తే అవతల అసలు వస్తువు పోయింది. ఇవతల పైథాన్ చేతిలో దాని తొడుగు మాత్రం మిగిలింది. దాన్ని ముట్టుకుంటే, లోపలి సీ ప్లస్ ప్లస్ వస్తువు తీసేశారన్న అర్థంతో దోషసందేశం వస్తుంది. ఈ రెండో తప్పును సందేశంతో ఆపగలగడం సిప్ చేసిన మేలు. తొడుగు చూసుకోకపోతే ప్రోగ్రాము మొత్తం ఉన్నట్టుండి మూతపడుతుంది, సేవ్ చేయని పనంతా పోతుంది. అందుకే క్యూజీఐఎస్ సీ ప్లస్ ప్లస్ కోడ్‌లో, అవసరమైన ఫంక్షన్ల పక్కన ఈ వస్తువు యాజమాన్యం ఎవరికి మారుతోందో తెలిపే గుర్తులు రాసి ఉంటాయి. సిప్ వాటిని చదివే వారధి కడుతుంది. పొలిమేర తగవుకు ఇంతకు మించిన పరిష్కారం లేదు. పొలిమేర ఉండక తప్పనప్పుడు, ఏది ఎవరిదో ముందే రాసిపెట్టుకోవాలి.

తెలుగువాళ్లం ప్రత్యేకంగా పట్టించుకోవాల్సిన సరిహద్దు ఇంకోటి ఉంది, అక్షరాలది. కర్నూలు అన్న మాట కంటికి మూడక్షరాలు. యూనికోడ్ లెక్కలో ఏడు సంకేతాలు: క, ర, పొల్లు, న, ఊత్వం, ల, ఉత్వం. క్యూజీఐఎస్‌కు పునాది అయిన క్యూటీ లైబ్రరీ వాటిని యూటీఎఫ్-16లో 14 బైట్లుగా పెట్టుకుంటుంది. ఫైలులోకి యూటీఎఫ్-8గా రాస్తే 21 బైట్లు. పైథాన్‌ను పొడవెంత అని అడిగితే ఏడు అంటుంది. మూడు చోట్లా మూడు సమాధానాలు, మూడూ సరైనవే. సిప్ వీటిని నమ్మకంగా మార్చి ఇస్తుంది, అక్కడ భయం లేదు. ముప్పు పాత ఫైలు రకాల దగ్గర ఉంది. ప్రభుత్వ కార్యాలయాల్లో నేటికీ తిరిగే షేప్‌ఫైల్‌లో కాలమ్ పేరుకు పది బైట్లే చోటు. భూగర్భజలమట్టం అన్న పేరుకు 13 సంకేతాలు, 39 బైట్లు. పది బైట్లలో పట్టేవి మూడు సంకేతాలు, అంటే భూగ. మిగిలిన ఒక్క బైటులో నాలుగోది పట్టదు. భూగర్భజల నాణ్యత అని మరో కాలమ్ ఉంటే అదీ భూగ అనే మొదలవుతుంది, రెండింటికీ తేడా తెలియదు. తెలుగులో కాలమ్ పేర్లు పెట్టుకోవాలనుకునేవాళ్లు క్యూజీఐఎస్ 3లో ముందే అమర్చి ఉన్న జియోప్యాకేజీ రకాన్ని వాడటం మంచిది, అందులో ఈ ఇరుకు లేదు. మన కొలతల పట్టికలు మన లిపిలో ఉండాలని కోరుకునేవాడిగా ఈ పది బైట్ల సంగతి అందరికీ తెలియాలని నా ఆశ.

ఏకకాలంలో పనులు నడపడంలోనూ రెండు భాషల తీరు వేరు. మామూలు పైథాన్‌లో ఒక తాళం ఉంటుంది, ఒక సమయంలో ఒక్క దారమే (థ్రెడ్) పైథాన్ ఆదేశాలు నడపగలదు. ఆ తాళం లేని పైథాన్‌ను 3.13 వెర్షన్‌తో 2024లో ప్రయోగాత్మకంగా ఇచ్చారు గానీ అది అందరి చేతికీ రావడానికి టైం పడుతుంది. సీ ప్లస్ ప్లస్ పక్షానికి ఆ తాళంతో పని లేదు. పొడవైన లెక్కను వెనక మరో దారంలో నడిచేలా అటు అప్పగిస్తే పటం జరుపుకుంటూ, దగ్గరికి లాక్కుంటూ ఉండొచ్చు, కిటికీ బిగుసుకుపోదు.

గీత ఒకసారి గీస్తే అక్కడే ఉండిపోదు కూడా. క్యూజీఐఎస్‌లో పటాల మీద చేసే పనులు, అంటే చుట్టూ ఇంత దూరం గీయడం, రెండు లేయర్ల ఉమ్మడి భాగం తీయడం వంటివి చాలావరకు మొదట పైథాన్‌లోనే ఉండేవి. ఎక్కువమంది వాడుతున్నవి, నిదానంగా ఉన్నవి ఒక్కొక్కటిగా సీ ప్లస్ ప్లస్‌లోకి తిరగరాశారు. ముందు సులువైన భాషలో రాసి, సరైన జవాబు ఇస్తోందని తేలాక, ఎక్కడ ఆలస్యమవుతోందో కొలిచి, ఆ ముక్కను మాత్రమే కష్టమైన భాషలోకి మార్చారు. నా మటుకు ఇదే సరైన వరుస. కొలవకుండా ఇదంతా వేగంగా ఉండాలని మొదటిరోజే సీ ప్లస్ ప్లస్‌తో మొదలుపెట్టిన విద్యార్థి ప్రాజెక్టులు మెమరీ తప్పులు వెతుక్కుంటూనే సెమిస్టరు దాటేస్తాయి.

రెండు భాషలు పెట్టుకుంటే రెండింటి వయసూ మోయాలి. 2018 ఫిబ్రవరిలో క్యూజీఐఎస్ 3.0 వచ్చినప్పుడు పైథాన్ 2 నుంచి పైథాన్ 3కు మారింది, క్యూటీ వెర్షన్ కూడా మారింది. అప్పటివరకు రాసిన ప్లగిన్లు దిద్దుకుంటే గానీ నడవలేదు. రాసినవాళ్లు వేరే పనుల్లోకి వెళ్లిపోయిన ప్లగిన్లు అక్కడే ఆగిపోయాయి. ఒక ఊరి లెక్క కోసం రాసిన స్క్రిప్టును ఎవరు కాపాడతారన్నది మొదటే ఆలోచించుకోవాలి, దాన్ని రాసిన విద్యార్థి ఎలాగూ ఉద్యోగానికి బెంగళూరో హైదరాబాదో పోతుంది. చిన్నగా, విడమరిచి రాసిన పైథాన్ అయితే తర్వాత వచ్చినవాళ్లు చదివి దిద్దుకోగలరు.

అలాంటి స్క్రిప్టుకు మన దగ్గర సిద్ధంగా ఉన్న పని ఒకటి చెబుతాను. 2003 నుంచి కొన్నేళ్ల పాటు ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో రైతులే భూగర్భజలాన్ని కొలుచుకునే పథకం ఒకటి ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. కర్నూలు, కడప అందులో ఉన్నాయి. నంద్యాలలోని బర్డ్స్ సంస్థ దాన్ని ముందుండి నడిపింది. రైతులు వానను రోజూ కొలిచారు, బావుల్లో నీటిమట్టాన్ని పదిహేను రోజులకోసారి కొలిచారు. రబీకి ముందు కూర్చుని, భూమిలో ఉన్న నీరెంత, అనుకున్న పంటలకు కావాల్సిన నీరెంత అని పంట–నీటి బడ్జెట్ వేసుకున్నారు. లోటు కనబడితే వరి తగ్గించి శనగ వైపో, మరో ఆరుతడి పంట వైపో మళ్లే అవకాశం విత్తనం వేయకముందే దొరికేది.

ఆ బడ్జెట్‌ను క్యూజీఐఎస్‌లో ప్లగిన్‌గా రాయాలంటే పని ఇలా పంచుకోవచ్చు. వంకల హద్దులు తేల్చడం, బావుల మధ్య నీటిమట్టాన్ని అంచనా కట్టి పటంగా పరచడం, విస్తీర్ణాలు కొలవడం ఇవన్నీ ఇప్పటికే సీ, సీ ప్లస్ ప్లస్‌లో రాసి, ఏళ్ల తరబడి వాడి చూసిన పనిముట్లు. మిగిలేది ఏ బావి ఏ వంక కిందికి వస్తుంది, ఏ నేలలో నీటిమట్టం మీటరు పడితే ఎంత నీరు పోయినట్టు, ఏ పంటకు ఎన్ని తడులు, ఎకరాల పట్టిక ఎవరు తెస్తారు అన్నవి. ఇవి వంద, రెండు వందల వరుసల పైథాన్. పంటల పట్టికను కోడ్‌లో కలపకుండా వేరే ఫైలులో, తెలుగు పేర్లతో, జియోప్యాకేజీలో పెడితే తడుల లెక్క తప్పనిపించిన రైతు చెప్పిన అంకెను అక్కడికక్కడే మార్చి మళ్లీ నడపొచ్చు. బావులు వందల్లోనే ఉంటాయి కాబట్టి సరిహద్దు దాటే ఖర్చు గురించి బెంగ అక్కర్లేదు, మామూలు లూపు చాలు. జిల్లా మొత్తానికి, గడిగడికీ లెక్క కావాలన్న రోజు నంపై వైపు చూడొచ్చు.